గిజిగాళ్ల యుగం

ఒక పెద్ద అడవి. పెద్దది కాబట్టి దానికో మ్యూజియం కూడా ఉండాలని సింహంగారికి తోచింది. కొండగుహ ఖాళీ చేయించి, జంబుకేశ్వర్రావు అనే నక్కను డైరెక్టరుగా వేశారు. సీజనుకో తాత్కాలిక ప్రదర్శన. ఓసారి పొరుగడవి కోతుల రాతి పనిముట్లు, ఓసారి పాతకాలపు ఏనుగుల దంతాలు. ఆ దంతాలు చూడ్డానికి ఏనుగులు మాత్రం రాలేదు. ఎందుకో మరి!

ఈసారి డైరెక్టరుగారి కన్ను గిజిగాడి గూటి మీద పడింది. ఈతాకు చీల్చి, పోచ పోచా అల్లి, అప్పుడే పూర్తి చేశాడు గిజిగాడు.

"ఇది గూడేమిటయ్యా! నాగరికత!" అన్నాడు జంబుకేశ్వర్రావు.

గిజిగాడు ఉబ్బిపోయాడు. అంతవరకూ అతని పనితనం మెచ్చుకున్న నాథుడు లేడు.

పెళ్లాం తల బాదుకుంది. "గుడ్లు పెట్టే రోజులొస్తుంటే గూడు ఇచ్చేస్తావా?"

"తాత్కాలికమేనే! నాలుగు రోజుల్లో తెచ్చేస్తా."

ప్రదర్శన అదిరిపోయింది. నెమళ్లు గూటి ముందు నిలబడి కళ్లు తుడుచుకున్నాయి. తాబేలు తాతయితే ఆఖరి గిజిగాడు తన చేతుల్లోనే పోయాడని ఉపన్యాసం కూడా ఇచ్చాడు.

గూడు తెచ్చుకుందామని వెళ్లిన గిజిగాడు అక్కడి బోర్డు చదివి కొయ్యబారిపోయాడు. 'గిజిగాళ్ల యుగం. ఈ జాతి ఎప్పుడో అంతరించింది.'

"సార్, నేను బతికే ఉన్నానండీ!"

"మెల్లగా అనవయ్యా! జనం వింటారు. నువ్వు బతికుంటే ఇది ఉత్త గడ్డి. పోయావంటే కళాఖండం. పైగా ప్రేక్షకుల కోరికపై ప్రదర్శన పొడిగించాం."

"మరి మా ఆవిడ గుడ్లెక్కడ పెట్టాలండీ?"

"అంతరించిన జాతికి గుడ్లేమిటయ్యా!"

గిజిగాడు తిన్నగా సింహంగారి దగ్గరికి పోయి మొరపెట్టుకున్నాడు. ఆయన ఓపిగ్గా విన్నారు. "బోర్డు మీద నా సంతకం ఉంది. దాన్ని మార్చడం కష్టం. నిన్ను మార్చడం తేలిక," అంటూ పంజా చాపారు.

"చచ్చిపోయాను ప్రభూ! ఎప్పుడో చచ్చిపోయాను!" అని అరుస్తూ ఎగిరిపోయాడు గిజిగాడు. ప్రాణం దక్కిందన్న సంతోషం కన్నా ఆ మాట అన్నందుకు సిగ్గే ఎక్కువైంది.

వాగు మీదికి వంగిన తుమ్మకొమ్మకు హడావిడిగా మరో గూడు అల్లాడు. వంకరగా వచ్చింది. పెళ్లాం లోపలికి దూరి చూసింది. "దీన్నెవరూ మెచ్చుకోరు. నాకది చాలు," అని గుడ్లు పెట్టింది.

అక్కడ గుహలో పాత గూడు తేమకు బూజుపట్టి విడిపోయింది. సరిగ్గా అప్పుడే, దాన్ని చూడ్డానికి పొరుగడవి పులిదొర బయల్దేరాడని కబురొచ్చింది. జంబుకేశ్వర్రావు రొప్పుతూ తుమ్మచెట్టు కిందికొచ్చాడు.

"బాబ్బాబు! ఒక్కసారొచ్చి బాగుచేసి పో. లేకపోతే నా కొంప మునుగుతుంది!"

గిజిగాడికి జాలేసింది. మెచ్చుకున్నవాడు కదా. రెక్క విప్పబోయాడు. ఈలోగా గూట్లోంచి పెళ్లాం అంది, "ఎవరూ లేరండీ. అందరం అంతరించిపోయాం."

పులిదొర వచ్చేసరికి గుహలో ఓ గడ్డికుప్ప, దాని పక్కన నోట్లో ఈతాకు పెట్టుకుని అల్లుతూ డైరెక్టరుగారు. సింహంగారి పరువు గంగలో కలిసింది.

ఇప్పుడక్కడ కొత్త ప్రదర్శన నడుస్తోంది. పేరు 'జంబుకుల యుగం'. చూడ్డానికి ఉన్నది ఒక్క తోలే. అది మాత్రం తాత్కాలికం కాదట.

నీతి: పెద్దలు మన పని మెచ్చుకోవడం మొదలుపెట్టారంటే, మనం బతికున్న సంగతి బయటికి పొక్కనివ్వకూడదు.