ఫుట్‌పాత్ మీద నిమ్మకాయలు

సాయంత్రం మా ఆయన సైకిల్ వెనక మడ్‌గార్డు కింద కిరసనాయిలు గుడ్డతో రుద్దుతున్నాను. గుడ్డకు తెల్లటి ముద్ద అంటుకొచ్చింది. బురద అనుకున్నాను. అందులో జీలకర్ర కనిపించింది.

బురదలో జీలకర్ర ఉండదు. అది మా అత్త పెట్టిన గుమ్మడి వడియం.

ఆ రోజు పొద్దున్నే అత్త దాలమ్మ బెంగాలీల ఊళ్ళో మా రైల్వే క్వార్టరు ముందు ఫుట్‌పాత్ మీద పాత పంచె పరిచి వడియాలు పెట్టింది. వాటి పక్కనే పీట వేసుకుని కాకులను తోలుతూ కూర్చుంది. మధ్యాహ్నం వర్క్‌షాపు సైరన్ మోగాక, మంచినీళ్ళ కోసం లోపలికి వచ్చింది. తిరిగి వెళ్ళేసరికి పంచె మధ్య నుంచి ఎవరిదో సైకిల్ చక్రం గాడి. పీట బోర్లాపడి ఉంది.

అత్త పీట ఎత్తి నిలబెట్టింది.

చితికిన వడియాలు చూపిస్తూ, "నాను లెగకపోతే నన్నే తొక్కేసును గదా" అంది. ఇక ఈ ఇంట్లో ఉండననీ, ఊరి చివర నిమ్‌పురాలో చిన్నకొడుకు దగ్గరికి పోతాననీ, అక్కడ గుమ్మం ముందు సైకిళ్ళు తిరగవనీ తేల్చేసింది.

అత్త వెళ్ళిపోతే నా గతేం కాను? బొబ్బిలి పక్క పల్లెలో పెరిగినదాన్ని, నాకు బెంగాలీ రాదు, హిందీ రాదు. కూరలమ్మే దీదీ వచ్చినా, పాలవాడు వచ్చినా అత్తే నా నోరు. ఆ ఇంట్లో నాతో మాట్లాడే మనిషి కూడా ఆమె ఒక్కతే. మా ఆయన గణపతిరావు మాట్లాడరు, ఉపన్యసిస్తారు.

ఆ మధ్యాహ్నం కూడా ఉపన్యసించారు. ఆయన బొగ్గింజన్లు బాగుచేసే ఫిట్టరు. సైకిల్ రోడ్డు మీదే నడవాలి, ఫుట్‌పాత్ కాళ్ళతో నడిచేవాళ్ళది అన్నారు. "ఇంజను పట్టాల మీద నడుస్తాది గానీ, పేసింజర్లతో పాటు ప్లాట్‌ఫారం ఎక్కుతాదేటి?" అన్నారు. అత్త కళ్ళు తుడుచుకుని, నా కొడుకు ఎప్పుడూ రోడ్డు మీదే వస్తాడు, బుద్ధిమంతుడు అంది.

ఆ బుద్ధిమంతుడు ఆ పూట ఎప్పుడూ లేనిది పెరటి గుమ్మంలోంచి ఇంట్లోకి వచ్చారు. ఎందుకో ఇప్పుడు మడ్‌గార్డు చెప్పింది.

సైకిల్ మా పెళ్ళికి మా నాన్న పెట్టింది. తొక్కడం మా ఆయన పెళ్ళయ్యాక నేర్చుకున్నారు. సైరన్ మోగితే వర్క్‌షాపు గేటులోంచి వేల సైకిళ్ళు వరదలా రోడ్డు మీద పడతాయి. ఆ వరదలో దిగే ధైర్యం ఆయనకు లేదు.

గుడ్డ తీసుకెళ్ళి ఆయనకు చూపించాను.

"ఇదేటండీ?"

"గ్రీజు."

"గ్రీజులో జీలకర్ర ఏస్తారేటి?"

ఆయన గుడ్డ లాక్కుని చొక్కాలో దాచుకున్నారు. అమ్మకు చెప్పొద్దనీ, రేపటినుంచి ఒక్క సైకిల్ ఫుట్‌పాత్ ఎక్కకుండా చేస్తాననీ, అప్పుడు అమ్మ ఎక్కడికీ వెళ్ళదనీ గుసగుసగా అన్నారు.

"మీది కూడానా?"

"అదలాగుంచు. ఇంట్లో నిమ్మకాయలున్నాయా?"

ఆ ఫుట్‌పాత్ మీద తొక్కేవాళ్ళంతా మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళే. ఎర్రగా కాలే బాయిలరు ముందు నిలబడి బీడీ కాల్చుకునే మనుషులు. కుంకుమ పూసిన నిమ్మచెక్క దారిలో కనిపిస్తే మాత్రం చిల్లంగి అంటారు. ఎవరో చేతబడి చేసి పడేశారని వణుకుతారు. దాన్ని దాటితే ఇంటికి చేరలేమని వాళ్ళ నమ్మకం. మా ఆయన పథకం అదీ.

మర్నాడు ఆయన డ్యూటీకి వెళ్ళారు. సాయంత్రం సైరన్‌కు ముందు, అత్త కునుకు తీస్తుండగా, ఆయన చెప్పినట్టే నేను ఫుట్‌పాత్ మీద బొగ్గుతో ఒక మొహం గీశాను. దెయ్యం మొహం గియ్యమన్నారు. గీశాక చూస్తే జ్వరపడ్డ మనిషిలా ఉంది. కళ్ళ చోట నిమ్మచెక్కలు పెట్టి కుంకుమ అద్దాక నాకే భయం వేసింది. చుట్టూ పసుపన్నం చల్లి లోపలికి వచ్చేశాను.

అత్త లేచి గుమ్మంలోకి వచ్చి చూసింది. చూసి, అక్కడే గడప మీద కూలబడింది.

సైరన్ మోగింది.

ఫుట్‌పాత్ మీద ముందుగా వచ్చినవాడు పక్క వీధి జగ్గారావు. నిమ్మచెక్కలు చూసి బ్రేకు వేశాడు. వెనకున్నవాడు అతన్ని, వాడిని ఇంకొకడు గుద్దుకున్నారు. వాళ్ళూ, నడిచి వచ్చేవాళ్ళూ దాన్ని దాటలేక రోడ్డు మీదికి దిగారు. రోడ్డు మీది సైకిళ్ళకు దారి లేదు. "కీ హోలో దాదా?" అంటూ, ఏమైందని అడిగిన బెంగాలీలకు ఎవరో చెయ్యి చూపించారు. వాళ్ళూ ఆగిపోయారు. చూస్తుండగానే ఆ వరద గడ్డకట్టింది. ఒక్క బెల్లు మోగలేదు. ఎక్కడో ఉన్న పూరీ గేట్ దాకా సైకిళ్ళు నిలిచిపోయాయని తర్వాత చెప్పుకున్నారు.

అప్పుడు వచ్చారు మా ఆయన.

ఆయనకు కనిపించింది ఒక్కటే. ఫుట్‌పాత్ ఖాళీగా ఉంది. పథకం పారిందన్న సంతోషంతో, కూనిరాగం తీస్తూ, దెయ్యం ముక్కు మీంచి తిన్నగా తొక్కుకుంటూ వచ్చేశారు. నిమ్మచెక్క ఒకటి చక్రం కింద చితికింది. గుమ్మం ముందు దిగి, స్టాండు వేసి తలెత్తారు.

అన్ని వేల కళ్ళు ఒకేసారి ఒక మనిషిని చూడడం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

జగ్గారావు మోకాలు పట్టుకుని నెమ్మదిగా అడిగాడు. "గణపతీ, నీకు బయం నేదేటి?"

"ఉత్తి నిమ్మకాయలకి బయమేటి?"

"ఉత్తివని నీకెలాగ తెలిసింది?"

మా ఆయన నా వైపు చూశారు. నేను పసుపు చేతులు కొంగులో చుట్టుకున్నాను. అత్త ఆ చేతుల్ని చూసింది, సైకిల్‌ని చూసింది, కొడుకుని చూసింది. ఆమె చిల్లంగి గురించి అడగలేదు.

"నువ్వు ఫుట్‌పాత్ మీదెందుకొచ్చినావురా?"

ముందు జగ్గారావు నవ్వాడు. తర్వాత రోడ్డంతా నవ్వింది. బెల్లులు మళ్ళీ మొదలయ్యాయి.

నిమ్‌పురాకు మూట కట్టనా అని అత్తను అడిగాను.

"నానెక్కడికీ ఎల్లను. ఈడు రోడ్డు మీద తొక్కుతున్నాడో నేదో సూసుకోడానికి ఇంట్లో ఒక పెద్ద ముండ ఉండాల" అంది.

మర్నాడు నేను లేచేసరికి అత్త అన్నం వండి క్యారియరు సర్దేస్తోంది. మధ్యాహ్నం ఇంటికొచ్చి తినే మనిషికి క్యారియరెందుకు అత్తా అన్నాను.

"అంత దూరం నడిసెల్లినోడు మళ్ళీ తినడానికి నడిసొత్తాడేటి?"

ఆయన సైకిల్ బయటికి తెచ్చారు. అత్త గడప మీద కూర్చుని చూస్తోంది. ముందు రోడ్డు మీద సైకిళ్ళు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతున్నాయి. ఆయన పెడలు మీద కాలు పెట్టారు, తీశారు. బెల్లు నొక్కి చూసుకున్నారు. మళ్ళీ కాలు పెట్టారు.

తర్వాత సైకిల్‌ని గోడకు జాగ్రత్తగా ఆనించి, నా చేతిలోంచి క్యారియరు తీసుకుని, మా ఇద్దరి మొహాలూ చూడకుండా నడిచి వెళ్ళిపోయారు.