రెండో వెంకటకృష్ణయ్య

ఆ ఉదయం హర్ష వేసుకున్న పథకం చాలా చిన్నది. చెల్లెలు బిందు పెళ్ళిపిలుపును ఇంటర్నెట్‌లో పెట్టి, అమ్మకు చూపించి, టిఫిన్ చేయడం. తెనాలి మీద మంచు ఇంకా విడలేదు. తను పేరు పేరుకూ పూలతీగ చుట్టి పెట్టిన రెండు వందల మంది బంధువులూ ఆ మంచులో తేలుతూ పోతున్నట్టు అనిపించింది అతనికి. ఇలా అనిపించడం రోజూ ఉన్నదే.

పేజీ టక్కున వచ్చేసింది. "ఇంత తొందరగా ఎట్టా వచ్చిందిరా?" అంది తల్లి ధనమ్మ.

"పేజీలు కట్టే కొత్త ఫ్రేమ్‌వర్కు అమ్మా. మనం అడక్కుండానే పేజీని కుదించి పంపుతుంది. మళ్ళీ మళ్ళీ వచ్చే మాటను ఒక్కసారే పంపుతుంది."

అవతల అన్నీ మళ్ళీ విప్పుకుంటాయన్న ముక్క చెప్పేలోపే హర్ష ఆలోచన మళ్ళీ ఆ మంచులోకి వెళ్ళిపోయింది.

ధనమ్మ ఆ విశేషాన్ని రేపల్లెలో ఉన్న అన్నయ్యకు ఫోనులో చెప్పింది. ఆయన పేరు వెంకటకృష్ణయ్య. చిక్కేమిటంటే, బాపట్లలో ఉన్న ఆమె మరిది పేరూ వెంకటకృష్ణయ్యే. పిలుపులో మరిది పేరు ముందుంది.

"అంటే రెండో వెంకటకృష్ణయ్యను ఎగరగొట్టారన్నమాట," అన్నాడు అన్నయ్య. "పెళ్ళిపీటల దాకా పిల్ల బుట్ట ఆ మొదటాయన చేతే మోయించుకోండి."

సర్దిచెప్పమని ధనమ్మ మరిదికి ఫోను చేసింది. ఆయన అంతా విని, "నా పేరు వల్ల ఆయన పేరు పోయిందన్న మాట పడి నేనెట్టా వస్తాను వదినా? నేనూ రాను," అన్నాడు.

బిందు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మేనమామ మోసే ఆ బుట్ట గురించి చిన్నప్పటి నుంచీ కలలు కన్న పిల్ల. "అయితే నేను నడిచి వెళ్ళాలా అన్నయ్యా?"

హర్ష తనతో కలిసి పనిచేసే ఆరిఫ్‌కు ఫోను చేశాడు. ఆ ఫ్రేమ్‌వర్కు రాసింది అతనే. "ఆ కుదింపు తీసేయ్, అదుంటే మావయ్య నమ్మడు. అడక్కుండా ఎవరు పెట్టమన్నారు?"

"అన్నంలో నెయ్యి అడిగి వేస్తారా? అందరికీ మంచిదేగా!"

"డాక్టరు వద్దన్నవాణ్ణి అడగాలిగా?"

"వద్దన్నవాడే చెయ్యి అడ్డం పెట్టుకోవాలి హర్షా," అంటూనే ఆరిఫ్ తీసేశాడు.

నెట్ సెంటరుకు వెళ్ళి మీరే చూడండని హర్ష మావయ్యను బతిమాలాడు. ఆ తర్వాత గుర్తొచ్చింది, రేపల్లె సెంటరులో ఉన్నది నత్తలా నడిచే టెలిఫోను లైను. కుదించని పేజీ అక్కడ పూర్తిగా దిగేలోపు పెళ్ళే అయిపోతుంది. మావయ్య తన పేరు వచ్చేదాకా ఆగడు. హర్షకు నిజంగా భయం వేసింది.

అర్ధగంటకు ఫోను మోగింది.

"ఒరే హర్షా!" మావయ్య గొంతు కలలో మాట్లాడుతున్నట్టుంది. "పేర్లు ఒక్కొక్కటే దిగాయిరా, పూలు రాలినట్టు. సెంటర్లో అందరూ పనులు మానేసి నా వెనకాల నిలబడ్డారు. మీ బాబాయి పేరు వచ్చింది. ఆ తర్వాత ఎంతకీ ఏమీ లేదు. అయినా ఒక్కడూ కదల్లేదు. పది నిమిషాలు కాచుకున్నారురా, నా ఒక్క పేరు దిగేదాకా! మర్యాదంటే అదీ. టక్కున వచ్చుంటే ఎవడు చూసేవాడు?"

"అయితే వస్తారా మావయ్యా?"

"పిల్ల బుట్ట నేను గాక ఎవరు మోస్తారు? మీ బాబాయికి నేను చెప్తాలే. ఆ పేజీని మాత్రం ముట్టుకోకు."

పెళ్ళి దాకా ఆ పేజీ అలాగే నెమ్మదిగా వచ్చింది. మావయ్య మాత్రం మొదటి బస్సుకే వచ్చేశాడు.