మడతబందు మహాసంగ్రామం

మధ్యాహ్న మార్తాండుడు మేడలమీద టోకున నిప్పులు దించుతున్న వేళ, ఇస్త్రీ దుకాణానికీ పళ్ళ డాక్టరు గదికీ నడుమ ఇరుక్కున్న ఒంటిగది స్టూడియోలో, సకలశబ్దసార్వభౌముడు, తాళవిరోధి, శ్రోతృజనవిద్రావణుడు అయిన స్వరకర్త, వీధివాళ్ళ లెక్కలో ‘చప్పుళ్ళాయన’, తన జీవితవ్యాపారంలో మిగిలిన ఏకైక సరుకు మాయమైందని కనుగొన్న వృత్తాంతం చెబుతాను. విన్నందుకు రుసుము లేదు, వినకుంటే నష్టమూ లేదు.

ఆ సరుకు స్టూడియో తలుపు చేసే కిర్రు.

ఇత్తడి గిన్నెల్లో గులకరాళ్ళు దొర్లించి, వీణను బకెట్లో ముంచి, కచేరీకి వచ్చిన నలుగురిని ఇద్దరు చేసి, ఆ ఇద్దరినీ క్షేమంగా ఇళ్ళకు పంపి, యౌవనమంతా పెట్టుబడి పెట్టి వెక్కిరింతలు వడ్డీగా రాబట్టిన ఆ మహనీయుడు, చిట్టచివరకు ‘విశ్వవిలాపం’ అనే కృతి కట్టాడు. అందులో ప్రధాన గాత్రం తలుపుదే. ధ్వనిని నిలవచేస్తే పులుస్తుందని ఆయన సిద్ధాంతం గనక రికార్డింగు లేదు. ఆ సాయంత్రమే ఒక నాటక దర్శకుడు వినడానికి వస్తున్నాడు. ఆయన పుచ్చుకుంటే స్టూడియో బతుకుతుంది. లేదంటే గది సొంతదారైన మామగారి రంగుడబ్బాలకు గోడౌనవుతుంది. ఒప్పందం అది.

అటువంటి తలుపును తోస్తే, కొత్తకోడలు నడిచినట్టు చడీచప్పుడూ లేకుండా తెరుచుకుంది.

“మామయ్యగారూ, దీనికేం చేశారు?”

ఇనపసామాన్ల కొట్టు నడిపే మామగారు మురిసిపోయాడు. “మడతబందులకి నూనె పోశానండీ అల్లుడుగారూ. పెద్దమనిషి వస్తున్నాడన్నారుగా. తలుపలా ఏడుస్తుంటే మనకేం మర్యాద? మంచి నూనె, పదేళ్ళు నోరెత్తదు.”

“మీరు పోసింది నూనె కాదు, కాలకూటం. నిఖిలవిశ్వదుఃఖం ఆ ఇనుములో తపస్సు చేసి, తుప్పుగా అవతరించి, కిర్రుగా పలికింది. దాని కంఠనాళంలో మీరు మరణాన్ని ఒలికించారు.”

“విశ్వం సంగతి నాకు తెలీదు. నేను పోసింది మూడు చుక్కలు.”

అంతట ఆ వీరాగ్రేసరుడు చొక్కాచేతులు మడిచి, తువ్వాలును గదగా ధరించి, సబ్బునురుగుతో అభిషేకించి, బూడిదతో మర్దించి, నిమ్మచెక్కతో తోమి, ఇసుక జల్లి, పై బందును జయించేలోగా కింది బందు నూనె కక్కగా, కింది బందుపై దండెత్తేలోగా పై బందు మళ్ళీ నిగనిగలాడగా, స్వేదధారాస్నాతుడై చతికిలబడ్డాడు. తలుపు మాత్రం మౌనవ్రతం పట్టిన మునిలా హాయిగా ఊగింది.

భార్య తొంగిచూసింది. “ఏమండీ, ఆ ఏడుపేదో మీరే ఏడవచ్చుగా. ఎవరికి తెలుస్తుంది?”

“అర్ధాంగీ, అనుకరించడం కళకు తీరని అవమానం.”

“గోడౌనయ్యాక ఆ అవమానానికి కూడా చోటుండదు.”

ఇంతలో సాయంత్రమై, దర్శకుడు వచ్చి కూర్చున్నాడు. మామగారు జేబులోంచి టేపు తీసి గోడ కొలవసాగాడు. “నాలుగు వరసలు నిక్షేపంగా పడతాయి” అని కూతురితో మెల్లగా అనడం వీరుడి చెవిన పడింది. వేరే దారి లేక, రెండు చేతులా తలుపు పైఅంచు పట్టి, పాదాలు భూమినుంచి ఎత్తి, క్వింటాలుకు కాస్త తక్కువైన తన సమస్త దేహాన్నీ గబ్బిలంలా దానికి వేలాడదీశాడు.

మడతబందు మూలిగింది. ఆపైన, కి...ర్ర్ర్...

మామగారి టేపు ఆగింది.

“మళ్ళీ ఊగండి” అన్నాడు దర్శకుడు కళ్ళు మూసుకుని.

ఊగాడు.

“బ్రహ్మాండం. తీసుకుంటాను.”

“ఆర్యా, అఖిలాండవేదన తమకు వినిపించిందా?”

“వేదనా? అదేం లేదండీ. మా రెండో అంకంలో దొంగ తలుపు తోసుకుని వస్తాడు. సరైన చప్పుడు ఎక్కడా దొరకలేదు. ఇదైతే అచ్చం తలుపులాగే ఉంది.”

వీరుడి గొంతులో ఒక మహోపన్యాసం బుసకొట్టింది. మామగారి వేలు ఇంకా కొలత దగ్గరే ఉంది. లాభనష్టాలు గాలిలోనే బేరీజు వేసుకుని, ఉపన్యాసాన్ని గుటుక్కున మింగి, “తలుపేనండీ” అన్నాడు.

మామగారు టేపు చుట్టేశాడు.

ఈ విధంగా, తలుపు చప్పుడు తలుపు చప్పుడేనని పరాయివాడి నోట ఒప్పించి, రంగుడబ్బాల మహాసేనను గుమ్మం బయటే నిలువరించిన శబ్దసార్వభౌముడికి జయం, దిగ్విజయం. ఇకమీద లోకంలో ఏ దొంగా చప్పుడు చెయ్యకుండా రెండో అంకంలోకి రాలేడు.