జారుడుబల్లకు శిలాఫలకం

శంషాబాద్‌లోని తన వార్డులో చెప్పిన తేదీకి పూర్తయిన ఏకైక పనిని ఎమ్మెల్యేగారి అమృతహస్తాలతో ప్రారంభింపజేయనున్నట్టు వార్డు నాయకుడు రాజశేఖర్ శుక్రవారం ఉదయం ప్రకటించాడు. ఆ పని రోడ్డు కాదు, మోరీ కాదు. విమానాశ్రయంలో కార్గో ఉద్యోగం చేసే వెంకట్ ఇంట్లో, ఆరేళ్ల కూతురు బిందు పడకగదిలో పెట్టిన జారుడుబల్ల.

ఈ సంగతి అందరికంటే ఆలస్యంగా తెలిసింది దాన్ని చేసిన వడ్రంగి జంగయ్యకే.

మహేశ్వరం నుంచి రోజూ మోపెడ్ మీద వచ్చే జంగయ్యకు మేకు తల బయటికి కనిపిస్తే అన్నం సహించదు. బల్లకు రెండు పక్కలా జానెడు అంచులు కట్టాడు. మూలలన్నీ గుండ్రంగా అరగదీశాడు. గోడకు బోల్టులు దించాడు, దిగేచోట దళసరి పరుపు వేశాడు. చివరికి బిందు అంత బరువుండే బియ్యం బస్తాను పదిసార్లు జార్చి చూశాడు. బస్తా చిరగలేదు.

"ఆదివారం నీ పుట్టినరోజుకు జారుదువు గాని బిడ్డా," అని మాటిచ్చాడు.

వెంకట్ మురిసిపోయి ఆ ఫోటో కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. రాజశేఖర్ జేబులో ఎప్పుడూ ఒక కత్తెర ఉంటుంది. నాలుగు నెలలుగా దానికి పని లేదు.

శుక్రవారం జంగయ్య వచ్చేసరికి బల్లకు అడ్డంగా ఎర్ర రిబ్బన్ కట్టి ఉంది.

"ఏందన్నా ఇది?"

"ప్రోటోకాల్ కాకా. ఎమ్మెల్యే సాబ్ వచ్చేదాక ఎవ్వరూ ఎక్కొద్దు."

"ఎప్పుడొస్తడు?"

"డేట్ ఇస్తడు."

"ఎల్లుండి పిల్ల పుట్టినరోజు."

"పుట్టినరోజు ఏటా వస్తది. ఎమ్మెల్యే అయిదేండ్లకోసారి వస్తడు."

వెంకట్ మధ్యలో కలగజేసుకున్నాడు. "మా ఇల్లే కదండీ, పాప ఒక్కసారి జారితే..."

"సేఫ్టీ ముఖ్యం సార్. ప్రారంభం కాని బల్ల మీద పిల్ల జారితే బాధ్యత ఎవరిది?"

ఇంత లోతైన ప్రశ్న విని వెంకట్ టీ తేవడానికి వెళ్లాడు.

మధ్యాహ్నం తుక్కుగూడ నుంచి ఆటో ట్రాలీలో శిలాఫలకం దిగింది. నాలుగడుగుల నల్లరాయి, అద్దంలా నున్నగా ఉంది. చెక్కడానికి టైం లేదని తొమ్మిది పేర్లనూ బంగారు రంగుతో రాయించారు. రాజశేఖర్ మనుషులు పరుపు పక్కకు లాగి, ఫలకాన్ని సరిగ్గా బల్ల కొసన నిలబెట్టారు.

"అన్నా, పిల్ల దిగంగనే తల తగుల్తది."

"దిగుడు తర్వాతి సంగతి కాకా. ఫోటోల రెండూ పడాలె."

తలుపు పక్కన నిలబడిన బిందు ఏడవలేదు. జంగయ్య వైపు చూసింది, అంతే. జంగయ్య చెవి మీది పెన్సిల్ తీసి కాసేపు రాయిని కొలిచాడు.

"కింద పెడితే పేర్లకు కాళ్లు తగుల్తయన్నా. కిటికీ పక్కన ఏటవాలు స్టాండు కొట్టి దాని మీద బిగిస్త. ఫోటోల మెరుపు గూడ పడదు."

"మంచి ముచ్చట."

"పేర్లు చెరిగిపోకుండ రెండు దిక్కుల అంచులు గడ్త."

"కట్టు."

"రాయి జారితే పగుల్తది. కింద పరుపుండాలె."

"గా బల్ల పరుపే ఎయ్యి. ఉత్తగనే ఉన్నది."

"ఎమ్మెల్యే సాబ్ జర పొట్టి. దండ వేసేటందుకు రెండు మెట్ల పీట..."

రాజశేఖర్ కళ్లు చెమర్చాయి. "కాకా, నీ అసుమంటి కార్యకర్త మా పార్టీల ఒక్కడు లేడు."

శనివారం సాయంత్రానికి స్టాండు పూర్తయింది. జంగయ్య బియ్యం బస్తా ఎత్తుకొచ్చాడు.

"ఇదెందుకండీ?" అన్నాడు వెంకట్.

"రాయి గట్టిగున్నదో లేదో చూడాలె కద సార్."

వెంకట్ బస్తా వైపు, ఫలకం వైపు, కూతురి వైపు చూశాడు. మళ్లీ టీ తేవడానికి వెళ్లాడు.

ఎమ్మెల్యేగారు నాలుగో వారంలో డేట్ ఇచ్చారు. ఆ లోపల వెంకట్ భార్య రేవతి ఒకసారి జంగయ్యను అడిగింది. "పాప గౌన్లన్నిటికీ వెనక ఈ బంగారు రంగేమిటో, ఉతికినా పోవడం లేదండీ."

"మంచి రంగే అమ్మా," అన్నాడు జంగయ్య.

ప్రారంభోత్సవం నాడు పదిమంది పట్టే గదిలో నలభైమంది నిలబడ్డారు. జంగయ్య పొద్దున్నే వచ్చి పరుపును మళ్లీ బల్ల కొసకు మార్చి, ఫలకం మీద పట్టుగుడ్డ కప్పాడు. ఎమ్మెల్యేగారు రిబ్బన్ కత్తిరించారు.

"నెల రోజుల్లో ఒక్క ప్రమాదం లేదు," అని రాజశేఖర్ మైకులో చాటాడు. "రాష్ట్రంలనే అత్యంత సురక్షితమైన బల్ల ఇది."

చప్పట్ల మధ్య ఎమ్మెల్యేగారు పట్టుగుడ్డ లాగారు. నల్లరాతిలో ఆయన ముఖం స్పష్టంగా కనిపించింది. పేర్లు మాత్రం లేవు. ఇంటి మీదుగా ఒక విమానం దిగిపోయింది.

"పేర్లేవి?" అన్నారు ఎమ్మెల్యేగారు.

రాజశేఖర్ మైకు నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు. "పేర్ల కోసం పనిచేసే పార్టీ కాదు మాది."

చప్పట్లు కాలనీ గేటు దాకా వినిపించాయి. ఎమ్మెల్యేగారు కూడా కొట్టారు, కాస్త ఆలస్యంగా.

ఫోటో కోసం బిందు బల్ల ఎక్కి జారింది. పరుపు మీంచి లేచి జంగయ్య చెవిలో చెప్పింది. "ఇది నెమ్మది తాతా."

అందరూ వెళ్లిపోయాక రాజశేఖర్ జంగయ్య భుజం మీద చెయ్యి వేశాడు. "రంగు నకిలీదే కాకా. రేపు మళ్ల రాపిస్త. ఈసారి లోతుగ చెక్కిస్త."

జంగయ్య అరచేత్తో రాతిని పైనుంచి కిందికి నిమిరాడు.

"చెక్కుడొద్దన్నా. గరుకైతది."