అత్తగారిపై ప్రజాభిప్రాయం

ఆ రోజు పొద్దున్న గుమాస్తా పెట్టుకున్న పని పిసరంత. పురపాలక కార్యాలయానికి వెళ్ళి, బజారు పక్కనున్న ఖాళీ స్థలంలో గ్రంథాలయం కట్టాలా, ఆటస్థలం చెయ్యాలా అని కొత్త యాప్‌లో ఊరి జనాన్ని అడగడం. అంతే. ఆ మాత్రం దానికి మనిషి పరువు బజారున పడుతుందని ఎవరనుకుంటారు?

యాప్ మొత్తం తెలుగులోనే ఉండాలని కమిషనర్‌గారి పట్టుదల. అందుకని ఉత్తినే పరీక్షించుకునే మీటకు "ప్రయోగం" అనీ, ఊరందరికీ పంపే మీటకు "ప్రచురణ" అనీ పేర్లు పెట్టించారు. గుమాస్తా ఫోనులో చోటు చాలక రెండూ పక్కపక్కనే "ప్ర..." "ప్ర..." అని మాత్రమే కనిపించేవి.

ముందు ఒక ఉత్తుత్తి ప్రశ్నతో సరిచూద్దామనుకున్నాడు. భార్య కాలు విరిగిన దగ్గర్నుంచీ, అంటే రెండు నెలలుగా, ఇల్లంతా అత్తగారి చేతిలోనే ఉంది. వంట ఆవిడదే, కూతురి లెక్కల పాఠమూ ఆవిడదే. చివరికి కిటికీ దగ్గరి తన కుర్చీ కూడా ఆవిడదే అయిపోయిందని అయ్యగారి గుర్రు. ఇంకేం, వేళ్ళు దురద పెట్టాయి. "మా అత్తగారు మా ఇంట్లో ఇంకా ఎన్నాళ్ళుండాలి?" అని కొట్టి, కింద "ఎన్నాళ్ళయినా", "రేపే వెళ్ళాలి" అని రెండు జవాబులు పెట్టి, ముసిముసిగా నవ్వుకుంటూ "ప్ర..." నొక్కాడు.

కార్యాలయంలో ఫోన్లన్నీ ఒక్కసారిగా కుయ్యిమన్నాయి.

"ఇదేంటి సార్, ఇంటి గుట్టు ఊరికి పంచేశారు? కింద మీ హోదా కూడా పడింది!" అంది టైపిస్టు.

గుమాస్తా కమిషనర్ గదిలోకి పరుగెత్తాడు. "సార్, పొరపాటైంది, తీసేయించండి!"

"పెట్టిన ప్రశ్న సాయంత్రం ఆరు దాకా ఎవరూ తీయకూడదని రూలు పెట్టింది నేనేనయ్యా! అయినా తీయడమెందుకు? పోయినసారి కుళాయిల గురించి అడిగితే పదకొండు మంది ఓటేశారు. ఇప్పుడు గంటలో వెయ్యి దాటేట్టుంది. జనానికి యాప్ అలవాటు చెయ్యాలని భలే ఎత్తు వేశావు!"

ఇంతలో ఫోన్లు మొదలయ్యాయి. ఒకాయన గొంతు తగ్గించి, "ఈ పథకం మా అత్తగారికి కూడా వర్తిస్తుందాండీ? దరఖాస్తు ఎక్కడివ్వాలి?" అన్నాడు. అది ఎలా పొక్కిందో, మధ్యాహ్నానికల్లా పాతికమంది అత్తగార్లు గేటు ముందు చేరి, "మమ్మల్ని వెళ్ళగొట్టమని ఆర్డరిచ్చిందెవడు?" అని నిలదీశారు. నిజం చెబుదామంటే కమిషనర్‌గారు పక్కనే నిలబడి ఇతని భుజం తడుతున్నారు.

మూడింటికి భార్య ఫోను. "ఏమండీ, అమ్మ బట్టలు సర్దుకుంటోంది. నాతో కూడా మాట్లాడట్లేదు."

ఇంటికి వెళ్ళే దారి పొడుగునా గుమాస్తా తల ఎత్తలేదు. ఎవరు నవ్వినా తనను చూసే అనిపించింది. దానికన్నా, మంచం దిగలేని భార్యకు రెండు నెలలు చేసిన చేతులు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

అత్తగారు ముందుగదిలో సంచి పక్కన పెట్టుకుని నిలబడి ఉంది.

"అత్తయ్యగారూ, నాది బుద్ధి తక్కువ పని. మీరు లేకపోతే మా గతి ఏమయ్యేది? క్షమించండి, వెళ్ళకండి."

"ఆరు దాకా ఓటింగ్ అన్నారు కదా నాయనా. ఊరేమంటుందో చూసుకునే వెళ్తాను," అంది ఆవిడ, ఫోను మీంచి కళ్ళు తీయకుండా.

ఆరైంది. "ఎన్నాళ్ళయినా": నాలుగు వేల నూట పద్దెనిమిది. ఊళ్ళో ఏ అల్లుడు ఫోను తీసినా పక్కనే అత్తగారు కూర్చుని నొక్కించిందట. "రేపే వెళ్ళాలి": ఒకటి.

అత్తగారి మొహం విప్పారింది. సంచి తీసి లోపల పెట్టి వచ్చి, కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చూసింది. "ఊరు ఊరంతా ఉండమంది. ఈ ఒక్కరూ ఎవరో, పాపం?"

లెక్క సరిగ్గా పడుతోందో లేదో చూద్దామని పొద్దున్న ప్రశ్న పెట్టగానే తనే నొక్కిన సంగతి గుమాస్తాకు అప్పుడు తట్టింది. భార్య మంచం మీంచే ఆయన వంక చూసింది. కూతురూ చూసింది. ఆయన మాత్రం నేల చూపులు చూశాడు.

ఓటు వేసినవారి వివరాలు రహస్యంగా ఉంచబడతాయని యాప్ కింద చిన్న అక్షరాలతో హామీ ఇచ్చింది.