అత్తగారి గిటారు, స్పిరిట్ దూది

ఆదివారం పొద్దున్నే పళ్ల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారు పేకాటకు స్నేహితురాలింటికి వెళ్లింది, మధ్యాహ్నం దాకా రాదు. ఈలోగా ఆవిడ గిటారును ఆవిడ గదిలోంచి తెచ్చి, దాన్ని చూసుకుంటూ తన గిటారుకు రంగు వేసుకుని, మళ్లీ ఉన్నచోట పెట్టెయ్యాలి. అంతే.

ఆయన వృత్తి కట్టుడుపళ్లు తయారు చేయడం. రెండు నెలలుగా పాత తలుపు చెక్కతో సొంతంగా ఎలక్ట్రిక్ గిటారు చేసుకుంటున్నాడు. మెడ, మీటలు, వైర్లు అన్నీ కుదిరాయి. రంగు ఒక్కటే కుదరలేదు. అత్తగారి గిటారు రంగే కావాలాయనకు. నడుమ తేనెరంగు, చుట్టూ ఎరుపు, అంచులకు వచ్చేసరికి కాఫీ గింజ రంగు. ఏది ఎక్కడ మొదలైందో తెలియదు. పాత కంపెనీల పనితనం ఇప్పుడెక్కడుందని రోజూ నిట్టూర్చేవాడు.

అడిగి తెచ్చుకోవచ్చు కదా అని మీరనవచ్చు. మీరు ఆవిడను చూడలేదు. ముప్పై ఏళ్లు రైళ్లలో టికెట్లు తనిఖీ చేసిన మనిషి. ఆవిడ ఎదుట నిలబడితే పళ్ల మాస్టారికి తను దొంగేమోనని తనకే అనుమానం వచ్చేది. పైగా ఉంటున్న ఇల్లు ఆవిడది. "నా గది గుమ్మం తొక్కినవాడు మళ్లీ ఈ ఇంటి గుమ్మం తొక్కడు" అని ఆవిడ అన్నప్పుడు నవ్వింది ఆయనొక్కడే. అది కూడా భయంతో.

గిటారును బల్ల మీద పెట్టి, స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక్క తుడుపు తుడిచాడు. కట్టుడుపన్ను రంగు సరిపోల్చాలంటే పక్క పన్నును ముందు స్పిరిట్‌తో తుడవాలి, అప్పుడే అసలు రంగు తెలుస్తుంది. ఇరవై ఏళ్ల అలవాటు కాబట్టి చెయ్యి దానంతటదే కదిలింది.

దూది ఎర్రగా వచ్చింది. గిటారు మీద అరచేయంత మేర ఉత్త చెక్క బయటపడింది.

పళ్ల మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి. గబగబా తన ఎరుపు రంగు తెచ్చి అద్దాడు. కమిలిన దెబ్బలా కనిపించింది. అంచులు కలుపుదామని మళ్లీ తుడిస్తే మచ్చ పెద్దదైంది. ఇటు సరిచేస్తే అటు, అటు సరిచేస్తే ఇటు. అరగంటలో గిటారు ముందువైపంతా బోడిగుండైంది.

భార్య వచ్చి చూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఏవండీ! మా అమ్మది కదూ అది?"

"మెల్లగా అనవే! గోడలకు వినిపిస్తుంది."

అప్పుడే ఫోను మోగింది. అత్తగారు. "అబ్బాయ్, మా పాత ఆఫీసరుగారు ఇక్కడ కలిశారు. మనింటికి వస్తానంటున్నారు, తీసుకొస్తున్నా. నా గిటారు..." అంటుండగానే ఫోను కట్టయింది. తిరిగి చేస్తే స్విచాఫ్.

"ఆయనకు వాయించి వినిపిస్తుంది కాబోలు," అన్నాడు పళ్ల మాస్టారు. "పావుగంటలో వచ్చేస్తారు."

పళ్లకు రంగు చిమ్మే చిన్న గన్ను తీసి తేనెరంగు, ఎరుపు, గోధుమరంగు వరసగా కొట్టాడు. చేతులు వణకడం వల్లనో ఏమో, రంగులు ఒకదాంట్లో ఒకటి అద్భుతంగా కలిశాయి. భార్య జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు పట్టుకుని నిలబడింది. ఇల్లంతా థిన్నరు కంపు.

ఆ కంపు పక్క ఫ్లాటు బీమా ఏజెంటు ముక్కుకు తగిలింది. "గ్యాస్ లీకవుతోంది! అందరూ బయటికి రండి!" అని మెట్ల మీద కేకలు పెట్టి, మెయిన్ స్విచ్ కట్టేశాడు. డ్రయ్యరు ఆగిపోయింది. గ్యాస్ కాదని చెబుదామంటే మరేమిటని అడుగుతారు, అడిగితే సంగతి అత్తగారి దాకా వెళుతుంది. అందుకని పళ్ల మాస్టారు కూడా "గ్యాసే, గ్యాసే" అంటూ, పక్క తడిపిన పసివాణ్ని పట్టుకున్నట్టు తడి గిటారును ఎడంగా పట్టుకుని వీధిలోకి పరుగెత్తాడు. భవనం భవనమంతా వీధిలోనే ఉంది.

సరిగ్గా అక్కడే కారు ఆగింది. అత్తగారు దిగింది. చూపు గిటారు మీద పడగానే ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. అయిపోయింది, సామాను సర్దుకోవాల్సిందే అనుకున్నాడు పళ్ల మాస్టారు.

వెనకే దిగిన ఆఫీసరుగారు కళ్లజోడు సవరించుకున్నారు. "గిటారా! ఎవరిదమ్మా?"

"మా అల్లుడుగారిదండీ," అంది అత్తగారు తడుముకోకుండా. "ఇంట్లో స్వయంగా చేసుకున్నారు."

అల్లుడుగారు! పెళ్లయిన ఎనిమిదేళ్లలో ఆ మాట వినడం ఇదే మొదలు. ఆయనకు భయం రెట్టింపైంది.

"ముచ్చటగా ఉంది. మన స్టాఫ్ ఆర్కెస్ట్రాలో ఇలాంటిదే ఉండేది, ఉత్త చెక్క రంగుది. మాయమైపోయింది కదూ? వెనక నంబరు కూడా వేయించాను. ఎంక్వైరీ మీరే చేశారు, దొంగ దొరకలేదని రాసిచ్చారు."

"గుర్తుంది సార్," అంది అత్తగారు నేల చూస్తూ.

"ఏదీ, ఒకసారి వెనక్కి తిప్పు బాబూ."

అత్తగారు అల్లుడి వైపు చూసింది. అలాంటి బతిమాలే చూపు ఆ కళ్లలో ఉంటుందని ఆయనకు తెలియదు. "ముట్టుకోకండి సార్, రంగు తడిగా ఉంది," అన్నాడు. ఎందుకన్నాడో ఆయనకే తెలియదు.

గ్యాసేమీ లేదని తేలి అందరూ ఇళ్లలోకి వెళ్లారు. ఆఫీసరుగారు టీ తాగి వెళ్లాక అత్తగారు తలుపు గడియ పెట్టింది. "పాత రంగు వెనక కూడా తుడిచేశారా?"

"లేదండీ, ముందువైపే."

ఆవిడ కుర్చీలో కూలబడింది. "రిటైరవడానికి ఏడాది ముందు తెచ్చేసుకున్నా. తిరిగివ్వబుద్ధి కాలేదు. నంబరు కనపడకుండా, ఎవరూ గుర్తుపట్టకుండా ఫర్నిచర్ పాలిష్‌లో ఎర్రసిరా కలిపి నేనే పూశా. ఇన్నేళ్లూ ఎవరు తలుపు కొట్టినా గుండె ఝల్లుమనేది. ఫోన్లో చెప్పబోయింది అదే, దాన్ని మంచం కింద దాచెయ్యమని. ఇక ఆ పాలిష్‌ను నమ్మలేను, వెనకవైపు కూడా మీ రంగు వేసెయ్యండి అల్లుడుగారూ. కాస్త మందంగా."

అప్పటి నుంచి ఆవిడ ఆయన్ని అల్లుడుగారూ అనే పిలుస్తోంది, ఆయన మాత్రం ఆ పిలుపు వినగానే లేచి నిలబడుతూనే ఉన్నాడు.