గుమ్మడికాయ ప్రమోషను

ఆ ఉదయం బైండరు పళ్లు తోముకుంటూ ఉండగానే ఇంటి ఆర్థిక సమస్యకు పరిష్కారం కనిపెట్టేశాడు. నోటినిండా నురగ ఉండడం వల్ల ఆ సంగతి వెంటనే భార్యకు చెప్పలేకపోయాడు గానీ, కళ్లు మాత్రం మెరిశాయి. ఆ మెరుపు చూసి ఆమె పొయ్యి దగ్గరే నీరసపడిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ మెరుపు వల్ల ఇంటికి ఒరిగిందేమిటో ఆమెకు ఎంత ఆలోచించినా గుర్తు రాదు.

అతను ఒక ప్రింటింగ్ ప్రెస్సులో బైండరు. పుస్తకాలు కుట్టి, అట్టలు అతికిస్తాడు. ఆమె టైలరింగ్ షాపులో గుండీలు కుడుతుంది. ఇద్దరి జీతాలూ కలిపితే నెలాఖరు దాకా సరిగ్గా సరిపోతాయి, ఇంట్లో ఏదీ పాడవకపోతే. ఈ నెల ఫ్రిజ్ పాడైంది. బాగుచెయ్యడానికి వచ్చినవాడు సరుకుల డబ్బులో ముప్పాతిక పట్టుకుపోయాడు. ఫ్రిజ్ ఇప్పుడు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. అందులో పెట్టడానికే ఏమీ లేదు.

ఇలాంటప్పుడు ఎవరైనా ఆఫీసులో అడ్వాన్సు అడుగుతారు. బైండరు కిందటి నెలే అడిగాడు. మేనేజరు ఇచ్చాడు కూడా. కాకపోతే మిషన్లన్నీ ఆపించి, అందరి ముందూ పొదుపు గురించి క్లాసు పీకి మరీ ఇచ్చాడు. ఆ మేనేజరు ఉండేది వీళ్ల మేడలోనే, కింది అంతస్తులో. సంగతి తెలిసిన రోజున బైండరు భార్య కళ్లనీళ్లు పెట్టుకుని ఒకటే మాట అంది.

"ఇక చచ్చినా ఆయన ముందు చెయ్యి చాపకండి. పస్తులైనా ఉందాం గానీ, మనింట్లో ఏమీ లేదన్న సంగతి కింది వాటాకి తెలియకూడదు."

బైండరు ఆమెకు మాటిచ్చాడు. ఇప్పుడు పుక్కిలించి ఉమ్మేసి, ఆ మాట నిలబెట్టుకునే మార్గం వివరించాడు.

"చూడు, మనం రకరకాలు కొంటున్నాం. డబ్బంతా అక్కడే పోతోంది. రకరకాలు మానేసి ఒకే ఒక్కటి, పెద్దది, చవకది కొన్నామనుకో, ఒకటో తారీఖు దాకా ఇక బజారు మొహం చూడక్కర్లేదు."

"ఏనుగా నాన్నా?" అంది అయిదో క్లాసు చదువుతున్న కూతురు.

ఏనుగు కాదు. సాయంత్రం బజారు కట్టేసే వేళకు వెళ్లి, దాదాపు దానంతే ఉన్న గుమ్మడికాయ ఒకటి రెండు చేతులా కావలించుకుని వచ్చాడు. బస్సులో ఎవరో లేచి సీటు కూడా ఇచ్చారట. అతనికి కాదు, దానికి. మిగిలిన చిల్లరతో రొట్టెలు కొన్నాడు. ఇంత సులువైన ఉపాయం లోకంలో ఇంకెవరికీ ఎందుకు తట్టలేదా అని ఆశ్చర్యపోతూ నిద్రపోయాడు.

మొదటి రోజు గుమ్మడికాయ సూపు. అందరూ మెచ్చుకున్నారు. తర్వాత వేపుడు. ఆ తర్వాత ఉడకబెట్టి మెదిపి రొట్టెల మీద రాసుకున్నారు. ఆపైన మళ్లీ సూపు, ఈసారి ఎవరూ మెచ్చుకోలేదు. గుమ్మడికాయ మాత్రం తరగడం లేదు. కోసిన వైపు నుంచి చూస్తే కాస్త తగ్గినట్టు, అటువైపు నుంచి చూస్తే ఇప్పుడే కొన్నట్టు కనిపిస్తోంది.

"నాన్నా, దాన్ని మనం తింటున్నామా, మనల్ని అది తింటోందా?" అని కూతురు అడిగిన రోజున బైండరు కళ్లు మళ్లీ మెరిశాయి.

ఆ మేడలో ఎవరూ రాయని రూలు ఒకటి ఉంది. ఒకరింటి గిన్నె ఇంకొకరింటికి వెళితే, అది ఖాళీగా తిరిగి రాదు. ఎవరికి వీలైనది వాళ్లు అందులో పెట్టి పంపుతారు.

"ఇంకేం! పై వాటాల వాళ్లకి మన గుమ్మడికాయ పంపుదాం. గిన్నెల్లో వాళ్ల వంటలు తిరిగొస్తాయి" అన్నాడు బైండరు.

"ఇది అడుక్కోవడం కాదూ?"

"అడుక్కోవడం ఏమిటి? మార్పిడి."

ఆమె కాసేపు ఆలోచించింది. వట్టి ఉడికిన గుమ్మడికాయ పంపితే మొహమాటానికైనా ఎవరూ నోట్లో పెట్టుకోరు. కాబట్టి డబ్బాలో అడుగున మిగిలిన పంచదార గోకి, చివరి వెన్నముక్క కరిగించి, తీపి చేసింది. కమ్మటి వాసన మెట్ల నిండా పాకింది. రెండు మంచి గిన్నెల్లో సర్ది, ఒకటి పై అంతస్తు నర్సుకి, ఇంకోటి ఆ పైన ఉండే డ్రైవింగ్ స్కూలు మాస్టారికి అని చెప్పింది.

"కింది వాటాకి మాత్రం వద్దు" అని ఇంకోసారి గుర్తు చేసింది.

నర్సు నైట్ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టుంది, ఆవలిస్తూ తలుపు తీసింది. గిన్నె మూత ఎత్తగానే ఆమె మత్తు వదిలిపోయింది.

"తీపే! ఏంటన్నయ్యగారూ, ఏదైనా శుభవార్తా?"

గుమ్మడికాయ తరగడం లేదమ్మా అని చెప్పేస్తే సరిపోయేది. కానీ ఈమె చెవిన పడ్డ మాట మధ్యాహ్నానికల్లా కింది అంతస్తుకు చేరుతుందని బైండరుకు తెలుసు. అందుకని నవ్వి తప్పించుకోబోయాడు.

"ఏదో లెండి... చిన్నదే."

"చిన్నదంటే? ప్రెస్సులోనా? ప్రమోషనా?"

బైండరు సమాధానం కోసం పైకప్పు వంక చూశాడు. నర్సు దాన్ని వినయం అనుకుంది.

అతను ఇంకో అంతస్తు ఎక్కేలోపలే ఆమె కిటికీలోంచి మాస్టారికి కేకేసి చెప్పేసింది. మాస్టారు తలుపు బార్లా తెరిచి, రెండు చేతులూ చాచి నిలబడి ఉన్నాడు. స్టీరింగు సరిగా తిప్పని వాళ్లను తిట్టీ తిట్టీ ఆయన గొంతు మామూలు మాట కూడా వీధి చివరికి వినబడే స్థాయికి చేరింది.

"రావయ్యా ఇన్‌చార్జీ! బైండింగు సెక్షన్ మొత్తం నీ చేతికిచ్చారటగా! పార్టీ ఎప్పుడు? నువ్వు చెప్పవులే, నేనే చెప్తున్నా. ఆదివారం సాయంత్రం, డాబా మీద!"

బైండరు గిన్నె ఆయన చేతిలో పెట్టి, కిందికి దిగివచ్చాడు.

"ఏమన్నారు?" అని అడిగింది భార్య.

"చాలా సంతోషించారు" అన్నాడు. అందులో అబద్ధం లేదు.

సాయంత్రం గిన్నెలు తిరిగొచ్చాయి. ముగ్గురూ ఆత్రంగా చుట్టూ చేరారు. నర్సు పంపిన గిన్నెలో మెరిసే పెన్ను ఉంది. 'ఇన్‌చార్జిగారు సంతకాలు పెట్టుకోవడానికి' అని చీటీ కూడా పెట్టింది. మాస్టారి గిన్నెలో డ్రైవింగ్ స్కూలు కూపను ఉంది, త్వరలో కారు కొనబోయేవారికి సగం ధర.

కూతురు పెన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "అమ్మా, దీన్ని ఉడకబెడతావా, వేయిస్తావా?"

"ఇన్‌చార్జి ఎవరండీ?" అంది భార్య నెమ్మదిగా. ఆమె నెమ్మదిగా మాట్లాడితే బైండరుకు భయం. ఉన్నదంతా కక్కేశాడు. ఆమె నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చుంది.

"ఈ మాట మేనేజరుగారి దాకా వెళితేనో?"

"ఎలా వెళుతుంది? నేను చెప్పను, నువ్వు చెప్పవు."

సరిగ్గా అదే సమయంలో మెట్ల మీద నర్సు మేనేజరును ఆపి, "మీది ఎంత మంచి మనసు సార్! అంత కష్టపడే మనిషిని గుర్తించి ఇన్‌చార్జిని చేశారు" అంటోంది.

మేనేజరు తెల్లబోయాడు. తను ఎవరినీ ఇన్‌చార్జిని చెయ్యలేదు. తను చెయ్యకపోతే చెయ్యగలిగింది ప్రెస్సు యజమాని ఒక్కడే. మొన్నీమధ్య యజమాని ప్రెస్సుకు వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా బైండరు దగ్గరికెళ్లి, భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు గుసగుసలాడిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆ వెంటనే కిందటి నెల తను పీకిన క్లాసు కూడా గుర్తొచ్చింది. తనకు తెలియకుండా ఇన్‌చార్జి అయినవాడు, రేపు తనకు తెలియకుండా మేనేజరు ఎందుకు కాకూడదు?

మర్నాడు ప్రెస్సులో బైండరుకు పిలుపొచ్చింది.

"రండి బైండరుగారూ, కూర్చోండి" అన్నాడు మేనేజరు.

బైండరు కుర్చీ అంచున కూర్చున్నాడు. ఈ గదిలో ఇంతవరకూ అతన్ని ఎవరూ 'మీరు' అనలేదు. ఇక కుర్చీ సంగతి చెప్పనే అక్కర్లేదు, ఉద్యోగం ఊడేవాళ్లను మాత్రమే అందులో కూర్చోబెట్టేవారు.

"ఇంట్లో అంతా కులాసాయేనా? అడ్వాన్సు ఏమైనా కావాలంటే మొహమాటపడకండి. ఎంతైనా సరే."

ఇదేదో తనను పరీక్షించడానికే అనుకున్నాడు బైండరు. భార్యకు ఇచ్చిన మాట గుర్తొచ్చి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"వద్దు సార్! అస్సలు వద్దు! మాకు అన్నీ ఉన్నాయి!"

అంత గట్టిగా వద్దన్నాడంటే జీతం ఏ స్థాయిలో పెరిగి ఉంటుందోనని మేనేజరు లోలోపల లెక్కలు వేసుకున్నాడు.

"ఆదివారం డాబా మీద పార్టీ అని విన్నాను. నన్ను పిలవరా ఏమిటి?"

"మీరు... రావాలి సార్" అని గొణిగాడు బైండరు. ఇంకేమనగలడు?

ఇంటికొచ్చి చతికిలబడి, జరిగింది చెప్పాడు. తిట్లు తినడానికి సిద్ధంగా తల వంచుకున్నాడు. కానీ ఆమె తిట్టలేదు. మూలనున్న సగం గుమ్మడికాయ వంక చూసి, కొంగు దోపుకుంది.

"సరే, వచ్చేవాళ్లు ఎలాగూ వస్తారు. ఉన్నదే పెడదాం. అప్పు మాత్రం చెయ్యొద్దు."

ఆదివారం సాయంత్రానికి మిగిలిన గుమ్మడికాయ అంతా పెద్ద గిన్నెడు సూపుగా మారింది. ఆ గిన్నె నర్సు దగ్గర తెచ్చిందే. డాబా మీద ఒక బల్ల, రకానికొకటిగా నాలుగు కుర్చీలు వేశారు. బల్ల మీద సూపు ఒంటరిగా పొగలు కక్కుతూ కూర్చుంది. దాన్ని చూస్తే బైండరుకు ఏడుపొచ్చింది.

అయితే పార్టీకి ఎవరూ ఉత్త చేతులతో రాలేదు. నర్సు వేడివేడి కోడిమాంసం వండి తెచ్చింది. మాస్టారు బుట్టెడు పళ్లు మోసుకొచ్చాడు. అందరి తర్వాత మేనేజరు, ఆయన భార్య ఒక పెద్ద గంపను చెరో వైపు పట్టుకుని ఆయాసపడుతూ పైకెక్కించారు. అందులో నూనె, పప్పులు, పిండి, కాఫీపొడి, పంచదార, బిస్కెట్లు, ఒక కుటుంబం నెల రోజులు దర్జాగా బతకడానికి కావలసినవన్నీ ఉన్నాయి. బైండరు భార్య ఆ గంపను చూసి, చూడనట్టు మొహం తిప్పుకుంది.

మాస్టారు కుర్చీ ఎక్కి ఉపన్యాసం మొదలుపెట్టాడు. కింద పనిచేసేవాడి కష్టం గుర్తించే మేనేజరు లోకంలో ఎక్కడో గానీ ఉండడన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మేనేజరుకు ఈ మేడలో ఎవరైనా చప్పట్లు కొట్టడం ఇదే మొదలు. ఆ సంతోషం మీదనే ఆయన ధైర్యం తెచ్చుకుని, బైండరును నీళ్ల ట్యాంకు పక్కకు తీసుకెళ్లాడు.

"నిజం చెప్పండి. యజమానిగారు నా గురించి ఏమన్నారు?"

"మీ గురించా? ఏమీ అనలేదే!"

"దాచకండి. భుజం మీద చెయ్యి వేసి మరీ మాట్లాడారుగా?"

"అదా సార్! వాళ్లింట్లో పెళ్లి ఫొటోల ఆల్బం ఊడిపోయిందట. భార్యకి తెలియకుండా అతికించి పెట్టమన్నారు."

"మరి ప్రమోషనో?"

బైండరు బల్ల వైపు చూశాడు. భార్య గరిటె పట్టుకుని అందరికీ నవ్వుతూ సూపు వడ్డిస్తోంది. ఇక ఒక్క అబద్ధం కూడా మోసే ఓపిక అతనికి లేకపోయింది.

"ప్రమోషనూ లేదు, ఏమీ లేదు సార్. ఇంట్లో సరుకులు లేవు. గుమ్మడికాయ ఒక్కటే ఉంది. మళ్లీ మిమ్మల్ని అడ్వాన్సు అడగకూడదని దాంతోనే లాక్కొస్తున్నాం." సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

భార్య ఎప్పుడు వచ్చిందో, అతని పక్కన నిలబడి ఉంది. గరిటె ఇంకా చేతిలోనే ఉంది.

"తప్పు ఆయన ఒక్కరిదే కాదండీ. అడగొద్దని నేనే మాట తీసుకున్నాను. ఆ రోజు అందరి ముందూ మీరు అన్న మాటలకి ఆయన రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు."

మేనేజరు మొహంలో ముందుగా కనిపించింది ఊరట. తన కుర్చీ భద్రంగానే ఉంది. ఆ తర్వాత కాస్త సిగ్గు వచ్చింది, గంప గుర్తొచ్చేసరికి అది కోపంగా మారింది. వెంటనే 'మీరు' ఎగిరిపోయింది.

"ఏమయ్యా, నువ్వు..." అని ఆయన గొంతు పెంచాడో లేదో, అటువైపు నుంచి మాస్టారు అందుకున్నాడు.

"నిశ్శబ్దం! మేనేజరుగారు మాట్లాడతారట!"

అందరూ ఇటు తిరిగి మళ్లీ చప్పట్లు కొట్టారు. మేనేజరు గంప వైపు చూశాడు. బిస్కెట్ల ప్యాకెట్లు అప్పటికే విప్పేశారు. తన భార్య వైపు చూశాడు. ఆవిడ కళ్లనిండా గర్వంతో తననే చూస్తోంది. ఆవిడ అలా చూసి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తులేదు. గొంతు సవరించుకుని, మింగవలసింది మింగేశాడు.

"రేపటి నుంచి మన బైండరు బైండింగు సెక్షన్‌కి ఇన్‌చార్జి. జీతం కూడా పెంచుతున్నాం" అన్నాడు. అని, వడ్డించిన సూపు ఒక గుక్క తాగి, "బాగుందమ్మా. ఇంకొంచెం పొయ్యండి" అన్నాడు.

ఆ రాత్రి గంపలో మిగిలినవి, బల్ల మీద మిగిలినవి అన్నీ బైండరు ఇంటికి చేరాయి. ఫ్రిజ్ తలుపు ఒక పట్టాన పడలేదు. కూతురు దాని ముందు స్టూలు వేసుకుని, సినిమా చూసినట్టు లోపలికి చూస్తూ కూర్చుంది. చెయ్యి చాపకుండానే ఒకటో తారీఖు దాకా గడిచిపోతుందని భార్యాభర్తలిద్దరికీ కడుపు నిండిపోయింది. బైండరు తనంత తెలివైనవాడు లేడని మెల్లిగా నమ్మడం కూడా మొదలుపెట్టాడు.

మర్నాడు ఉత్తర్వు నిజంగానే చేతికొచ్చింది. దాంతోపాటు అకౌంటెంటు ఒక చిన్న సంగతి కూడా చెప్పాడు. పనివాళ్ల జీతాలు ఒకటో తారీఖున ఇస్తారు, ఇన్‌చార్జిలవి మాత్రం పదో తారీఖున. ఈ నెల జీతం నుంచే అతనిదీ అంతే. ఆ ముక్క బైండరు ఇంటికొచ్చి, మంచం మీద కూలబడ్డాక గానీ భార్యకు చెప్పలేకపోయాడు.

ఆమె గుండీ కుడుతున్న సూది ఆపి, శాంతంగా అడిగింది.

"ఆ పదవేదో రెండో తారీఖు నుంచి ఇవ్వమని ఒక్క మాట అడగలేకపోయారా?"